గుండీలో మనిషి

పోయిన వారం మనం బొంతల పెద్దమ్మను ముందుగదిలో, మంచం మీద పరిచిన బొంత దగ్గర, ఒక నీలం గుడ్డముక్క మీద వేలు పెట్టి నిలబడి ఉండగా వదిలేసి ఎవరి పనులకు వాళ్ళం పోయాం. మనకేం, తిన్నాం, పడుకున్నాం, మధ్యలో ఇంట్లోవాళ్ళతో పోట్లాడుకున్నాం. ఆవిడ మాత్రం పాపం ఆ వేలు తియ్యలేదు. తీస్తే ఏం తేలుతుందోనని భయం.

భయం ఎందుకో తెలియాలంటే ఆవిడ పని పద్ధతి తెలియాలి. పాత చొక్కాలు, పరదాలు, పిల్లల గౌనులు, చిరిగినవేవైనా సరే కోసి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను పాత దుప్పటి మడత మీద పరిచి ముందు కచ్చా కుట్టు వేస్తుంది, అంటే ముక్క జారకుండా పట్టి ఉంచే పొడుగు పొడుగు తాత్కాలికపు కుట్లు. మర్నాడు తీరిగ్గా అంచు లోపలికి మడిచి, చుట్టూ సన్నగా హెమ్మింగు చేసి, కచ్చా దారం పీకి పారేస్తుంది. పారెయ్యడమంటే నిజంగా పారెయ్యదు, ఉండ చుట్టి దాస్తుంది. దోమ రెక్క చిరిగినా ఆవిడ అతుకు వేస్తే ఆ దోమ మళ్ళీ వచ్చి ఆవిడ్నే కుట్టేదని వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఆ దోమను చూసినవాళ్ళు ఎవరూ లేరనుకోండి.

ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, ముందురోజు కచ్చా కుట్టు వేసి వదిలిన ముక్కలు పొద్దున్న చూసేసరికి హెమ్మింగు అయిపోయి ఉంటున్నాయి. కచ్చా దారం పీకేసి, చక్కగా ఉండ చుట్టి, మంచం కోడు పక్కన పెట్టి ఉంటోంది. చేసినట్టు పెద్దమ్మకు గుర్తు లేదు. పొరలు కమ్మిన కళ్ళకు కుట్టు ఆనదు కాబట్టి వేలితో తడిమి చూస్తే, అచ్చం తన కుట్టే. అదే సన్నం, అదే ఎడం.

దొంగ అయితే అరవచ్చు. దెయ్యమైతే తలుపేసుకోవచ్చు. తన మతే తనను వదిలి పోతూ ఉంటే మనిషి ఏ తలుపు వేసుకోవాలి? పెద్దమ్మ తల్లి ఆఖరి రోజుల్లో సూదీ దారం లేకుండా గాలిని కుడుతూ కూర్చునేది. పొద్దల్లా కుట్టి, దారం పళ్ళతో కొరికినట్టు కొరికి, "అయిపోయిందే, కప్పుకో" అని ఖాళీ చేతులు చాపేది. కూతురు కప్పుకునేది. కప్పుకుని, వెచ్చగా ఉందని చెప్పేది కూడా. ఆ వెచ్చదనం ఇప్పుడు వీపు మీద పాకుతున్నట్టుంది పెద్దమ్మకు.

"కొంచెం జరగండత్తయ్యా, మీ నీడ బొంత మీద పడుతోంది." స్టూలు మీద నిలబడి ఉన్న కోడలు ఫోను ఎత్తి పట్టుకుని అంది.

"నా బొంత మీద నా నీడ పడితే నీకేమే?"

"నీడకు లైకులు రావు."

కోడలికి ఇదొక సంబరం. పొద్దున్నే కిటికీ పరదా పీకేస్తుంది. రెండు కుర్చీల వీపులకు తెల్ల దుప్పటి కట్టి, వెలుతురు దాని మీద పడి బొంత మీదకు మళ్ళేలా చేస్తుంది. స్టూలెక్కి ఒక ఫోటో, బోర్లా పడుకుని ఒకటి, గుండీలకు ముక్కు ఆనించి ఒకటి తీసి, ఎక్కడెక్కడివాళ్ళకో చూపిస్తుంది. మొదట్లో పెద్దమ్మ, "బొంత కప్పుకోవడానికా, చూసుకోవడానికా" అని వెక్కిరించింది. తరవాత తరవాత తనే వెలుతురు కోసం కిటికీ అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. ఎవరో మొహం తెలియని మనిషి "మీ ఎర్ర ముక్క చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది" అని రాస్తే, కోడలి చేత అది మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

ఈ కొత్త బొంతకు అందం దాని గుండీలు. ప్రతి ముక్క నడుమ ఒక స్టీలు గుండీ, ఉబ్బెత్తుగా, అద్దంలా మెరిసేది. అవన్నీ మేస్త్రివి, అంటే పెద్దమ్మ భర్తవి. ఆయన కోట్లు కుట్టే దర్జీ. ఆయన కత్తెర గురించి కూడా ఒక కథ ఉండేది, అది ఇంకొకరి చేతికిస్తే గుడ్డ కాదు కదా గాలిని కూడా కోసేది కాదని. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయింది ఆయనకు. మాట పోయింది. లోపలి గదిలో మంచం మీద ఎటు తిప్పితే అటు పడుకుని ఉంటాడు. ఒక్కగానొక్క కొడుకు దూరపు బస్సులు నడుపుతూ ఎప్పుడో గాని ఇంటికి రాడు. అందుకని ఆ ఇంటికి మగదిక్కు అనండి, వైద్యుడు అనండి, వీధి చివర మందుల దుకాణం కాంపౌండరే. మేస్త్రికి చేతి తిమ్మిర్లు మొదలైనప్పుడు మాత్రలు తెచ్చిచ్చిందీ ఆయనే, పడిపోయాక రోజూ సాయంత్రం వచ్చి ఇంజెక్షను చేస్తోందీ ఆయనే.

సరదా మనిషి. తన సూది పడితే నొప్పి సూదికే గాని మనిషికి కాదంటాడు. ఒకప్పుడు సర్కస్ సింహానికి ఇంజెక్షను చేస్తే అది ఆవలించి, పక్కకు తిరిగి, "రెండోది ఇటు పొడు" అన్నట్టు చూసిందట. ఆయన సూది పడ్డాక మేస్త్రి మళ్ళీ తెల్లవారేదాకా కన్ను తెరవడు. "నిద్రే మందు పెద్దమ్మా" అంటాడు కాంపౌండరు. ఆ మధ్య తెల్లవారుజామున లోపలి మంచం కిర్రుమన్నట్టు వినిపించిందని నిన్న సాయంత్రం పెద్దమ్మ చెబితే, ఆయన నవ్వి, "కళ్ళయ్యాయి, మతయ్యింది, ఇప్పుడు చెవులు కూడా మొదలుపెట్టాయా?" అన్నాడు. నవ్వి ఊరుకోలేదు. మతిమరుపుకు మాత్ర తెస్తాననీ, ఇవాళే మొదలుపెడదామనీ, ఎండ గడప దాటేలోపు వస్తాననీ చెప్పి వెళ్ళాడు.

ఎండ ఇప్పుడు మంచం కోడు దగ్గర ఉంది. గడపకు ఇంకెంతో దూరం లేదు.

"అమ్మాయ్, స్టూలు దిగు." పెద్దమ్మ వేలు తియ్యకుండానే అంది. "ఈ నీలం ముక్క నిన్న నేను కచ్చా వేసి వదిలాను. ఇవాళ హెమ్మింగు అయి ఉంది. నిజం చెప్పు, నువ్వేనా?"

కోడలు దిగింది. దిగి, ఫోను కొంగున తుడుస్తూ నిలబడింది. "నేనా అత్తయ్యా? మీ అబ్బాయి చొక్కాకు గుండీ కుట్టమంటే లోపలి బనీనుతో కలిపి కుట్టేశాను. ఆ పూటంతా ఆయన రెండూ కలిపి విప్పుకోలేక తిరిగారు. మర్చిపోయారా?"

అనేసింది గాని, "మర్చిపోయారా" అన్న మాట నోరు దాటగానే నాలుక కరుచుకుంది. పెద్దమ్మ మంచం పట్టె మీద కూలబడింది.

"నీకు ముందే తెలుసు," అంది మెల్లగా. "నేను కుట్టి మర్చిపోతున్నానని నీకు ముందే తెలుసు. నాకు చెప్పలేదు."

"ఏమని చెప్పమంటారు?" కోడలు నేల మీద కూర్చుంది. "రోజూ ఫోటోలు తీస్తాను కదా. సాయంత్రం ఫోటోలో కచ్చా ఉంటుంది, పొద్దుటి దాంట్లో ఉండదు. మొదటిసారి నేనే పొరబడ్డాననుకున్నాను. తరవాత భయమేసింది. మీకు చెబితే మీరు సూది పక్కన పెట్టేస్తారు. సూది పెట్టేస్తే మీరు మంచాన పడతారు. ఇంట్లో ఇప్పటికే ఒక మంచం ఉంది."

"అందుకని కాంపౌండరుకు చెప్పావా?"

కోడలు తల వంచుకుంది. ఆ వంచుకోవడమే జవాబు.

పెద్దమ్మకు ఒళ్ళు మండింది. మంట వచ్చిందంటే మనిషి కాస్త నిలదొక్కుకున్నట్టే. "నా మతి గురించి వీధిలో మనిషికి చెప్పావు. నాకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. బాగుందమ్మా. రేపు నేను గాలిని కుడుతూ కూర్చుంటే దానికీ ఫోటో తీసి పెట్టు, లైకులొస్తాయి."

"అత్తయ్యా, అలా అనకండి."

"ఏదీ, ఆ ఫోటోలు ఇలా చూపించు. నా పిచ్చి ఎంత ముదిరిందో నా కళ్ళతో నేనే చూసుకుంటాను."

కోడలు చూపించింది. తెర మీద రెండు వేళ్ళు పెట్టి విప్పింది, ఇంకా విప్పింది. ఏ కళ్ళద్దాలకూ ఆనని కుట్టు అగ్గిపుల్లంత అయింది. అంత పెద్దగా తన కుట్టును పెద్దమ్మ ఎన్నడూ చూసుకోలేదు. ఇది కిందటి వారం తను కూర్చుని, గుర్తుండి, మెలకువగా కుట్టిన పచ్చ ముక్క. అంచు పొడుగునా కుట్లన్నీ ఒకే వైపు వాలి, గాలికి ఏటవాలుగా పడే వానలా ఉన్నాయి.

"ఇప్పుడు ఆ నీలం ముక్క తియ్యి."

తీసింది. అదే వాన. అదే సన్నం, అదే ఎడం. పెద్దమ్మ ఫోనును మొహానికి దగ్గరగా లాక్కుని చాలాసేపు చూసింది.

"ఇది అటు వాలింది," అంది.

"ఏమిటి?"

"వాన. నాది ఇటు వాలితే, ఇది అటు వాలింది." పెద్దమ్మ సూది తీసి, కుడిచేతిలో పట్టుకుని, గాలిలో కుట్టు వేసి చూపించింది. "నేను ఇటునుంచి పొడుస్తాను, కుట్టు ఇలా పడుతుంది. నన్ను తలకిందులుగా వేలాడదీసినా ఇలాగే పడుతుంది. అలా పడాలంటే సూది ఎడమచేతిలో ఉండాలి. ఇది నా కుట్టు కాదే అమ్మాయ్. నేను కుట్టలేదు. నేను మర్చిపోలేదు."

ఆ మాటతో ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కోడలి గడ్డం పట్టుకుంది, నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. కోడలు కూడా నవ్వుతూ ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టేసింది. "నా మతి నా దగ్గరే ఉంది" అని పెద్దమ్మ గోడకు చెప్పింది, కిటికీకి చెప్పింది. అత్తాకోడళ్ళిద్దరూ అలా ఎంతసేపు నవ్వారంటే, నవ్వు దానంతటదే అలిసిపోయి ఆగేదాకా.

ఆగాక, ఇద్దరికీ ఒకే ఆలోచన ఒకేసారి వచ్చింది. కోడలు తల ఎత్తింది.

"మరి ఎవరు కుట్టారు?"

ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది. వీధి తలుపుకు గడియ వేసే ఉంది. రోజూ సాయంత్రం గడియ వేసేది పెద్దమ్మే, వేశాక లాగి చూసేదీ పెద్దమ్మే. ఆవిడ మతి ఆవిడ దగ్గరే ఉందని ఇప్పుడే తేలింది కదా, అంటే గడియ కూడా నిజంగా వేసినట్టే. అంటే ఎవరూ బయటినుంచి రాలేదు.

"అత్తయ్యా," అంది కోడలు, "ఇవాళ పొద్దున్న మీరు పాలకు వెళ్ళినప్పుడు గుండీల ఫోటో తీశాను. దగ్గరగా. ఆ గుండీలు అద్దాల్లాంటివి కదా. నా మొహం కనిపిస్తోందని చిరాకుపడి అది పక్కన పెట్టేశాను."

వెతికి తీసింది. తెర నిండా ఒకే గుండీ, నిండు చంద్రుడిలా. ఆ ఉబ్బులో ముందుగది మొత్తం వంగి ఒదిగిపోయింది. కిటికీ తెల్లటి బిళ్ళలా ఉంది. ఫోను పట్టుకున్న కోడలు, ముక్కు పెద్దదై, చెవులు చిన్నవై ఉంది. ఇంకోసారైతే ఆ ముక్కు మీద పెద్దమ్మ పూటంతా వేళాకోళం చేసేది. కోడలు రెండు వేళ్ళతో ఇంకా విప్పింది. ఆమె భుజం వెనక, లోపలి గది గుమ్మంలో, సన్నగా, నిలువుగా ఒక నీడ. నీడకు తల ఉంది.

కోడలు ఫోను మంచం మీద పడేసింది. "ఎవరో నా వెనక నిలబడ్డారు. నేను ఫోటో తీస్తుంటే నా వెనకే నిలబడ్డారు. మొహం తెలియడం లేదు. అత్తయ్యా, ఇంట్లో ఎవరో ఉన్నారు."

పెద్దమ్మ ఫోను తీసి చూసింది. ఆవిడకూ మొహం తెలియలేదు. కాని మొహం ఎందుకు? మెడలో కొలత టేపు వేసుకుని జన్మంతా వంగి పనిచేసిన మనిషికి ఒక భుజం దిగిపోతుంది. మెడ ఆ వైపుకే వాలి ఉంటుంది. ఆ నీడకూ అంతే. ఇంకొకరి చేతిలో తెగని కత్తెర ఆ ఇంట్లో ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది. అది ఎడమచేతి కత్తెర. తనకు సూది పట్టడం నేర్పింది ఆ చెయ్యే, అందుకే వేలికి అది తన కుట్టులాగే తగిలింది.

కాని ఆ చెయ్యి పడిపోయింది. రోజూ తనే ఎత్తి తుడుస్తుంది, తనే కింద పెడుతుంది. తడిసిన దుప్పటిలా బరువుగా ఉంటుంది.

"నువ్వు వెళ్ళి డాబా తలుపు వేసి ఉందో లేదో చూసి రా," అంది కోడలితో. "లోపలి గది నేను చూస్తాను."

"ఒక్కరూ వద్దత్తయ్యా."

"ఒక్కదాన్ని కాదులే. మీ మామయ్య ఉన్నారు కదా."

లోపలి గదిలో మందుల వాసన. మేస్త్రి ఎప్పటిలాగే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. ఎడమచెయ్యి దుప్పటి మీద ఎలా పెట్టిందో అలాగే ఉంది. పెద్దమ్మ ఆ చెయ్యి ముట్టుకోలేదు. మంచానికి అటువైపు తిరిగి, ఆయన కుడిచెయ్యి పట్టుకుని చూపుడువేలు వెలుతురు వైపు తిప్పింది. బొంత కుట్టేవాళ్ళకు సూది పట్టిన చెయ్యి బాగానే ఉంటుంది. కింద నుంచి గుడ్డను కాచుకునే రెండో చేతి వేలే ప్రతి పోటూ తింటుంది. ఆవిడ తన ఎడమ చూపుడువేలును ఆయన కుడి చూపుడువేలు పక్కన పెట్టింది. రెండింటి కొసలూ ఒకేలా గరుకుగా ఉన్నాయి. ఆయన వేలి మీద ఒక చోట రక్తం చుక్క ఇంకా నల్లబడలేదు.

"ఏవండీ," అంది, ఆ వేలు వదలకుండా.

దుప్పటి మీద ఉన్న ఎడమచెయ్యి లేచింది. లేచి, మెల్లగా, వణుకుతూ ఆవిడ మణికట్టు పట్టుకుంది. మేస్త్రి కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళలో సంతోషం వెతికింది పెద్దమ్మ. సంతోషం లేదు. కొత్త బట్ట కోసే ముందు కూడా బెదరని మనిషి కళ్ళలో బెదురు ఒక్కటే ఉంది. నోరు ఒక పక్కకు లాగింది. మాట నలిగి, తడబడి వచ్చింది.

"మాత్ర... మింగకు."

"ఏ మాత్ర?"

"నాకూ... ముందు... మాత్రే... ఇచ్చాడు."

ముందుగదిలో ఎండ అప్పుడే గడప ఎక్కుతోంది. వీధి తలుపు మీద చేత్తో పాటకు తాళం వేస్తున్నట్టు దరువు వినబడింది, దాని వెనకే నవ్వుతున్న గొంతు. "పెద్దమ్మా, ఎండ నా కంటే ముందొచ్చేసిందే. తలుపు తియ్యండి."

"వస్తున్నానండీ," అంటూ డాబా మెట్లు దిగి పరుగెత్తింది కోడలు. ఆ పరుగులో ఎంత ఊరట ఉందో పెద్దమ్మకు వినిపించింది. వద్దని అరవడానికి నోరు తెరిచింది. మేస్త్రి చెయ్యి ఇంకా గట్టిగా బిగిసింది, వదిలేసింది, దుప్పటి మీదకు జారి తడిసిన గుడ్డలా పడిపోయింది. కళ్ళు మూతపడ్డాయి. క్షణం క్రితం ఆ చెయ్యి కదిలిందంటే చూసిన మనిషే నమ్మదు.

గడియ తీసిన చప్పుడయింది. కాంపౌండరు సంచీతో నేరుగా లోపలి గదికి వచ్చేశాడు. మేస్త్రిని ఒక చూపు చూశాడు, పెద్దమ్మను ఇంకో చూపు చూశాడు. "ఏం పెద్దమ్మా, మొహం పాలిపోయింది? ఇవాళ ఏం మర్చిపోయారు?"

ఇందాకటిదాకా ఏ మాట చెప్పాల్సి వస్తుందేమోనని చచ్చేంత భయపడిందో, ఆ మాటే ఇప్పుడు ఆవిడకు దిక్కయింది. పెద్దమ్మ నోరు కొంచెం వదులు చేసింది. చూపును గోడ మీదకు పంపింది. చేతిలో సూది లేదు, దారం లేదు, అయినా రెండు వేళ్ళూ కలిపి గాలిలో ఒక కుట్టు వేసింది. తల్లి ఎలా వేసేదో ఆ వేళ్ళకు బాగా గుర్తుంది.

"అన్నీ మర్చిపోతున్నాను నాయనా," అంది.

"అయ్యో పాపం. దానికే కదా నేనున్నది." ఆయన తెల్లటి మాత్ర తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. తనే నీళ్ళ గ్లాసు అందించాడు. "వేసుకోండి. మీరు వేసుకుని మర్చిపోతారు, వేసుకోకుండానూ మర్చిపోతారు. అందుకని నేను చూస్తూ నిలబడతాను."

పెద్దమ్మ మాత్రను నాలుక కిందికి తోసి, నీళ్ళు గుటక వేసింది. చేదు మెల్లగా కరగడం మొదలైంది. ఆయన వెళ్ళాలి. ఆయన ఈ గది దాటితే చాలు, ఉమ్మేస్తుంది. ఇంకొక్క నిమిషం.

"మంచి పెద్దమ్మ," అన్నాడు కాంపౌండరు, సంచీ మూసి గుమ్మం వైపు తిరుగుతూ.

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఆమె చేతిలో ఫోను వెలుగుతోంది.

"కాంపౌండరు గారూ, మీరు సమయానికి వచ్చారు, మాకు భయంగా ఉంది," అంటూ దాన్ని ఆయన మొహం ముందు పెట్టింది. "ఈ గుండీలో ఉన్న మనిషెవరో కొంచెం చూసి చెప్పండి."